తెరలో పట్టని చేతులు

మార్చి 4, సోమవారం

డైరీ రాయడం నాకు అలవాటు లేని పని. కానీ కడుపులో మాట ఎక్కడో ఒకచోట కక్కాలి కదా. మా ఆవిడ నా మాట వినదు. అక్కకి వినపడదు. ఆఫీసులో చెబితే మర్నాటికల్లా అందరి నోళ్ళలో నానుతుంది. ఇక కాగితమే గతి.

ఈరోజు అక్క టేపులు దొరికాయి. మా ఛానల్ స్టోర్ రూములో, విరిగిన కుర్చీల వెనక, అట్టపెట్టెలో. అట్ట మీద పేరు మాసిపోయింది గానీ నేను గుర్తుపట్టాను. 'చేతుల్లో కథ'. అప్పట్లో అక్క పిల్లలకి చేతులతో కథలు చెప్పేది, వెనక ఇంకొకావిడ గొంతు వినపడేది. ఆ గొంతావిడ పేరు ఎవరికీ గుర్తులేదు. అక్క చేతులు మాత్రం ఇప్పటికీ బజారులో ఎవరో ఒకరు గుర్తుపడతారు.

గుర్తుపట్టేవారు అనాలి. చలికాలంలో పక్షవాతం వచ్చాక అక్క బజారుకి వెళ్ళలేదు. కుడిచెయ్యి వాలిపోయింది. కాలు బాగానే కోలుకుంది, నడుస్తుంది. చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, ఎవరో ఇచ్చి వెళ్ళిన వస్తువులాగా. పుట్టుచెవిటి మనిషికి చేతికొచ్చిన జబ్బంటే నోటికొచ్చిన జబ్బే. 'ఇల్లు' అనాలంటే రెండు చేతులూ ఇంటికప్పులా కలపాలి. ఒక్క చేత్తో అంటే సగం కప్పు. సగం కప్పు చూపించడం ఇష్టం లేక అక్క మాట్లాడటమే మానేసింది. చెవిటి పిల్లల బడిలో పాఠాలూ మానేసింది. మా ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుంటుంది. పలకరిస్తే తల ఊపుతుంది.

డాక్టరు టైం పడుతుందన్నాడు. వచ్చేస్తుంది. నాకు తెలుసు.

వచ్చే ఆదివారం నుంచి మా ఛానల్లో పాత కార్యక్రమాలు మళ్ళీ వేస్తున్నారు. మొదటిది అక్కదే. నేనే ఒప్పించాను. తనని తాను ఒకసారి తెర మీద చూసుకుంటే ఆ కిటికీ వదిలి లేస్తుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మార్చి 5, మంగళవారం

టేపులు శుభ్రంగా ఆడుతున్నాయి. ఒకచోట గీతలు. అది లెక్కలోకి రాదు.

మార్చి 6, బుధవారం

కొత్త ప్రోగ్రాం హెడ్‌తో మీటింగు. కుర్రవాడు, చురుకైనవాడు, కాళ్ళకింద నిప్పులు పోసుకున్నట్టు తిరుగుతుంటాడు. 'తెర నిండుగా ఉండాలి' అన్నది ఆయన ఊతపదం. కంట్రోల్ రూములో మేం ఆయనకి నిండుతెర అని పేరు పెట్టాం.

అక్క టేపు వేసి చూపించగానే మొహం చిట్లించాడు.

"పక్కన ఈ నల్లగోడలేంటండీ?"

"గోడలు కావు సార్. పాత బొమ్మ వెడల్పే అంత. అప్పటి టీవీ నాలుగు జానల వెడల్పుంటే మూడు జానల ఎత్తుండేది, దాదాపు చదరం. ఇప్పటి టీవీ పదహారు వెడల్పుకి తొమ్మిదే ఎత్తు. చదరపు ఫోటోని పొడుగు ఫ్రేములో పెడితే అటూ ఇటూ ఖాళీ మిగలదా? అదే ఇది."

"జనానికి అవన్నీ తెలుస్తాయా? టీవీ పాడైందని ఫోన్లు చేస్తారు. అంతంత టీవీలు కొనుక్కున్నది సగం తెర చూడ్డానికా? పక్కలకి సాగదీసెయ్యండి."

"సాగదీస్తే మనుషులు లావైపోతారు సార్. సైకిల్ చక్రం కోడిగుడ్డవుతుంది."

"మరి ఇంకో దారి లేదా?"

"జూమ్ ఉంది. పక్కలు నిండేదాకా బొమ్మని పెద్దది చేస్తాం. ఎవరూ లావవరు. కాకపోతే ఎత్తులో నాలుగో వంతు తెరలో పట్టదు. పైనో కిందో తెగుతుంది."

"తెగనివ్వండి. నాలుగో వంతుకి కొంపలేం మునిగిపోవు."

సరేనన్నాను. అక్కని లావు కానివ్వకుండా కాపాడింది నేనే. అందరూ మొండిగా వాదిస్తారు. నేను తెలివిగా వాదిస్తాను, తేడా అక్కడుంది.

మార్చి 8, శుక్రవారం

జూమ్ పెట్టగానే ముందు అక్క తల తెగింది. నుదురు లేదు, కనుబొమల పైనుంచి ఖాళీ. ఈ పనిలో మొదటి నియమం, తల తెగకూడదు. మొదటి ఫ్రేములో అక్క రెండు చేతులూ గడ్డం దగ్గర జోడించి నవ్వుతోంది. దాని మీద ఆపి బొమ్మని మెల్లగా కిందికి దించాను. తల నిండుగా వచ్చింది. కోతంతా కిందికి పోయింది. కింద ఏముంటుంది, బల్ల. బల్ల ఎవడు చూస్తాడు?

అక్క మొహం చూస్తే చాలు. నాకు ఎప్పుడూ అంతే, మొహం చూస్తేనే తను ఏమంటోందో అర్థమైపోతుంది.

మార్చి 10, ఆదివారం

అక్కని సోఫాలో కూర్చోబెట్టాం. మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. పేరు పడింది. అక్క నడుం నిటారుగా పెట్టింది. నావైపు తిరిగి చూసింది, నువ్వేనా అన్నట్టు. నేను కాలర్ ఎగరేశాను.

ఏనుగుకి జలుబు చేసిన కథ. అక్క మొహం తెరంతా ఉంది, పాతికేళ్ళ మొహం. అద్భుతంగా వచ్చింది. రంగు కూడా నేను సరిచేశాను.

ఏనుగు మొదటిసారి తుమ్మేలోపే అక్క లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

అలిసిపోయి ఉంటుంది. పొద్దున్నే లేచింది కదా.

మార్చి 11, సోమవారం

అలిసిపోయే ఉంటుంది. నిన్న ఆ తరవాతంతా పడుకునే ఉంది.

ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. నిండుతెర నా భుజం తట్టాడు.

మార్చి 12, మంగళవారం

బధిరుల సంఘం సెక్రటరీ ఫోన్లో వీడియో పంపాడు. ఆయన దర్జీ. బడిలో అక్క దగ్గరే చదువుకున్నాడు. రెండు చేతులూ ముందుకి చాపి, గాలిలో ఊపి, మణికట్టు మీద మణికట్టు కొట్టి, ఏదో గబగబా చెప్పాడు. మెచ్చుకుంటున్నాడు. పొంగిపోయి మా ఆవిడకి చూపించాను.

"ఆ మొహం చూడండి ఒకసారి. మెచ్చుకునే మొహమేనా అది?" అంది.

"వాళ్ళు అలాగే ఉంటారు. మొహంలో బలం ఎక్కువ."

"మీకు ఆ భాష రాకపోతే రాదని చెప్పండి. టైప్ చేసి పంపమనండి."

నాకు రాకపోవడమేంటి! అక్కతో కలిసి పెరిగిన వాణ్ణి. అయినా ఆవిడ తృప్తి కోసం అడిగాను. ఆయన ఒక్క ముక్క పంపాడు.

'టీచరుగారి చేతులు ఎక్కడ?'

మార్చి 13, బుధవారం

ఈరోజు కంట్రోల్ రూములో సౌండ్ ఆపేసి మొత్తం చూశాను. మొదటిసారి చూసినట్టుంది. నేను వింటూ చూశాను ఇన్నాళ్ళూ. గొంతావిడ చెబుతుంటే నాకు కథ తెలిసిపోయింది, చేతులు లేని లోటు తెలియలేదు.

మొదటి ఫ్రేము తరవాత అక్క చేతులు గడ్డం దగ్గర ఒక్కసారీ ఆగలేదు. ఛాతీ దగ్గర, పొట్ట దగ్గర, బల్ల మీద ఆడుతున్నాయి. అంటే తెర బయట. ఏనుగు తొండం ముక్కు దగ్గర మొదలైంది, భుజం దాటింది, అంచు దగ్గర మాయమైంది. ఆ కింద తొండం ఏం చేసిందో దేవుడికే తెలియాలి. నోరు కదుపుతూ, కళ్ళు తిప్పుతూ, చేతుల్లేని మనిషి.

కుడిచెయ్యి వాలిపోయిన మనిషికి నేను చూపించింది ఇది.

పోనీ. తప్పు తెలిసింది కదా, సరిచేస్తాను. నాకు చేతకాని పనేం కాదు.

మార్చి 14, గురువారం

పొద్దున నిండుతెర గదికి వెళ్ళాను. నల్లగోడలతోనే వెయ్యాలి సార్ అన్నాను. కుదరదన్నాడు. మొన్న మీరే కదా జూమ్ అన్నది అన్నాడు. అవును, నేనే, అన్నాను. మరిప్పుడేమైంది అన్నాడు. చేతులు పోయాయన్నాను.

"మొహం ఉంది కదండీ. గొంతు వినపడుతోంది. కథ అర్థమవుతోంది."

"మీకూ నాకూ అవుతోంది సార్."

"వాళ్ళెంతమంది ఉంటారు చెప్పండి? ఆ నల్లచారలు చూసి ఫోన్లు చేసేవాళ్ళు ఎంతమంది?"

ఇలా అంటాడని నాకు ముందే తెలుసు. ఛానల్ వార్షికోత్సవానికి ఈయన తెర మీద మాట్లాడిన ముక్క పొద్దున్నే తయారుచేసి పెట్టుకున్నాను. ప్రతి నాలుగో మాటా తీసేశాను. ఆ ముక్క ఆయన కంప్యూటర్లోనే పెట్టాను.

'ప్రేక్షకులే మాకు ఎప్పుడూ... మీ ఆదరణ మాకు... మేం ఎప్పటికీ మీ...'

ఆయన రెండుసార్లు చూశాడు. రెండోసారి చెవులు ఎర్రబడ్డాయి.

"నన్ను నత్తివాణ్ణి చేశారే!"

"నాలుగో వంతే తీశాను సార్. మొహం నిండుగా ఉంది."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను ఒక్క క్షణం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కిటికీలోకి చూసి, చివరికి నవ్వాడు. నవ్వంటే నవ్వు కాదు, ముక్కుతో ఒక గాలి.

"రెండు ఆదివారాలు. ఫోన్లు ఎక్కువైతే మళ్ళీ జూమే. అప్పుడు నాతో వాదించకూడదు."

వాదించనన్నాను. వాదించాల్సిన అవసరం రాదు.

మార్చి 17, ఆదివారం

ఈసారి కంట్రోల్ రూములో నేనే కూర్చున్నాను. ఎవరి మీదా వదల్లేదు. కాకి, కాకి పిల్ల, అద్దం కథ. అక్క చేతులు వేళ్ళ కొసలదాకా తెరలో ఉన్నాయి. అటూ ఇటూ నల్లగా, మధ్యలో అక్క. ఒక్క వేలు తెగలేదు. అయిపోగానే ఇంటికి ఫోన్ చేశాను.

"అక్క ఏమంది?"

"ఏమంటారు? టీవీ కట్టేసి లోపలికెళ్ళిపోయారు. చేతులు లేవుగా ఈసారి కూడా."

"లేకపోవడమేంటి? నేనే దగ్గరుండి వేశాను!"

"నేను గుడ్డిదాన్ననుకున్నారా? ఈసారి నెత్తి కూడా లేదు."

పెట్రోలు మీద పెట్రోలు తగలేసి ఇంటికొచ్చాను. టీవీ పెట్టి చూశాను. మా ఛానల్ లోగో మూలనుంచి జరిగిపోయి సగమే కనపడుతోంది. రిమోట్ తీసి పిక్చర్ సైజు చూస్తే, జూమ్.

"నిన్న సాయంత్రం సినిమాకి పైనా కిందా నల్లగా వస్తుంటే నేనే నొక్కాను," అంది మా ఆవిడ. "నొక్కకూడదా? నిండుగా బాగుంది కదా అనుకున్నా."

ఆవిణ్ణి ఏమనగలను? సినిమా టీవీకన్నా వెడల్పు, అందుకని పైనా కిందా నలుపు. అక్క టేపు టీవీకన్నా ఇరుకు, అందుకని పక్కలకి నలుపు. నలుపు ఎక్కడ కనపడ్డా జనం జూమ్ నొక్కుతారు. నేను ఆఫీసులో వదిలేసిన కత్తెర ప్రతి ఇంట్లోనూ రిమోట్‌లో ఉంది. దీపం కింద చీకటంటే ఇదే. ఊరందరి తెరలకీ బాధ్యుణ్ణి, నా హాల్లో తెర సంగతి నాకు తెలియదు.

జూమ్ తీసేసి నార్మల్ పెట్టాను. అక్క గది తలుపు కొట్టడానికి లేదు కదా, లైటు వేసి ఆర్పాను. అక్క ఇటు తిరగలేదు.

మార్చి 18, సోమవారం

పక్కింటి టీవీ జూమ్. ఎదురింటిది సాగదీసి ఉంది, వాళ్ళకి తెలియనే తెలియదు. కింద వాచ్‌మన్ గదిలో జూమ్. నా వేపు విచిత్రంగా చూశారు. చూడనీ.

సెక్రటరీకి రాశాను. సంఘంలో కొందరికి చేతులు కనపడ్డాయట, కొందరికి లేదట. కనపడనివాళ్ళు ఛానల్‌ని తిట్టుకుంటున్నారట. శనివారం సాయంత్రం హాలుకి వచ్చి అందరికీ మీరే చెప్పండి అన్నాడు. వస్తానన్నాను. వాళ్ళ భాషలోనే చెబుతానన్నాను.

మార్చి 20, బుధవారం

ఫోన్లు కొన్ని వచ్చాయట. నిండుతెర లెక్క చెప్పలేదు. వేలు మాత్రం చూపించాడు, ఇంకొక్క ఆదివారం అని.

మార్చి 21, గురువారం

అద్దం ముందు సాధన చేశాను. బాగా వచ్చింది.

మార్చి 23, శనివారం

ఇది వివరంగా రాయాలి.

నేను బయల్దేరుతుంటే మా ఆవిడ అక్క దగ్గరికి వెళ్ళి, కాగితం మీద రాసి చూపించింది, ఈయన హాల్లో అందరి ముందూ మీ భాషలో ఉపన్యాసం ఇస్తున్నారని. అక్క చదివింది. నన్ను కిందనుంచి పైకి చూసింది. పెళ్ళికి చిరిగిన చొక్కా వేసుకుని బయల్దేరినవాణ్ణి చూసినట్టు చూసింది. తరవాత లేచి చెప్పులు వేసుకుంది. చలికాలం తరవాత మొదటిసారి! నా మాట వినడానికి వస్తోందని మురిసిపోయాను. మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

హాలు నిండా మనుషులు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి పెద్ద టీవీ. అక్కని చూసి ముందు వరసలో వాళ్ళు లేచారు. అక్క కుడిచేతిని కొంగులో చుట్టుకుని చివర కుర్చీలో, గోడవారగా కూర్చుంది.

నేను మొదలుపెట్టాను. నిబ్బరంగానే మొదలుపెట్టాను. మీ టీవీలో బొమ్మ, పాతది, చిన్నది, పక్కన నలుపు మంచిదే, జూమ్ చెడ్డది. ముందు వరసలో ఒకాయన భుజాలు కదిలాయి. తరవాత వెనకావిడవి. ఒక నిమిషంలో హాలంతా ఊగుతోంది. శబ్దం లేకుండా అంతమంది నవ్వుతుంటే ఎలా ఉంటుందో చూసినవాడికే తెలుస్తుంది. సెక్రటరీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఫోన్లో టైప్ చేసి చూపించాడు.

'టీవీకి స్నానం చేయించి, గుండు గీయించమంటున్నారు మీరు.'

ఎవరో నా భుజం పట్టుకుని పక్కకి జరిపారు. అక్క.

మొహం జేవురించి ఉంది. కోపమే, అనుమానం లేదు. జనం వైపు తిరిగి ఎడమచెయ్యి ఎత్తింది. అంతా ఆగిపోయారు. తెర అని చెప్పాలి, పలకలాగా రెండు చేతులతో గీయాలి. ఎడమచేత్తో ఒక పక్క గీసింది. రెండో పక్కకి చెయ్యి లేదు. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది, ఇక జన్మలో లేవదు అనుకున్నాను.

అక్క నా కుడిచెయ్యి పట్టుకుని లాగింది. తన ఎడమచేతికి ఎదురుగా పెట్టింది. నా వేళ్ళు వంకరగా ఉంటే విసుగ్గా ఒక్కొక్కటీ సరిచేసింది, చిన్నప్పుడు బలపం పట్టించినట్టే. ఇప్పుడు తెర ఉంది. సగం తనది, సగం నాది.

ఆ తరవాత నేను మనిషిని కాదు, అక్క కుడిచేతిని. లాగితే జరిగాను, తోస్తే ఆగాను. మా రెండు చేతులనీ దగ్గరికి తెచ్చి ఇరుకు బొమ్మ చూపించింది. దూరం జరిపి వెడల్పు టీవీ చూపించింది. ఇరుకుదాన్ని వెడల్పు దాంట్లో కూర్చోబెట్టి, అటూ ఇటూ మిగిలిన ఖాళీని అరచేత్తో నిమిరింది. తరవాత జూమ్. నా చేతిని గట్టిగా లాగి, బొమ్మని ఉబ్బించి, తన నడుం దగ్గర ఎడమచేత్తో అడ్డంగా కోసేసింది. కోసిన దాని కింద నా చెయ్యి వేలాడుతుంటే దాన్ని ఎత్తి అందరికీ చూపించింది, ఇదిగో మీరు పారేసుకున్నది ఇదీ అని.

ఎవరూ నవ్వలేదు ఈసారి.

వెనక వరసలో ఒక ముసలావిడ లేచి ఏదో అడిగింది. అక్క ఒంటిచేత్తో జవాబు చెప్పింది. ఆవిడకి అర్థం కాలేదు. అక్క ఇంకోలా చెప్పింది, మెల్లగా, కొంచెం మార్చి. ఆవిడ తలూపింది. ఇంకొకాయన అడిగాడు. రిమోట్ తెమ్మంది, ఏ బొత్తామో చూపించింది. నా చెయ్యి మళ్ళీ కావలసినప్పుడు చూడకుండానే పట్టుకుంది. అక్కర్లేనప్పుడు వదిలేసింది.

దారిలో అక్కని అడిగాను, నాకొచ్చిన భాషలోనే. నేనంత ఘోరంగా చెప్పానా?

అక్క ఎడమచేత్తో, నడిరోడ్డు మీద, లైటు స్తంభం కింద ఆగి మరీ చెప్పింది.

"నా పరువు తీశావు వెధవా."

ఇది మాత్రం పూర్తిగా అర్థమైంది.

మార్చి 24, ఆదివారం

డ్యూటీ మార్పించుకుని ఇంట్లోనే ఉన్నాను. ఏనుగు కథే మళ్ళీ వేయించాను. రిమోట్ మా ఆవిడ దగ్గరినుంచి తీసుకుని అక్క ఒళ్ళో పెట్టాను.

అక్క మొత్తం చూసింది. చివర్లో ఆ పాతికేళ్ళ అమ్మాయి నమస్కారం పెడుతుంటే పెదవి విరిచింది. ఎంత తొందర ఆ పిల్లకి, అంది. ఎవరో తరుముతున్నట్టు చెబుతోంది, అంది.

మధ్యాహ్నం నిండుతెర ఫోన్ చేశాడు. ఫోన్లు ఈ వారం కూడా వచ్చాయట. చారలెందుకని కొన్ని, చారలు తీయొద్దని వీడియోల మీద వీడియోలు. "ఆ వీడియోల్లో ఏమంటున్నారో నాకేం తెలియలేదండీ, కానీ అందరూ ఒకేలా నడుం దగ్గర చేత్తో కోసి చూపిస్తున్నారు. భయమేసింది. మీ అక్కగారి కార్యక్రమం వరకు చారలు ఉండనివ్వండి. మిగతావాటి సంగతి తరవాత మాట్లాడదాం." మిగతావాటి సంగతి నేను చూసుకుంటాను.

సాయంత్రం అక్క నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఏనుగు కథ చెబుతానంది, ఆ పిల్ల చెప్పినట్టు కాదు, అసలు ఎలా చెప్పాలో అలా. ఎడమచేత్తో చెప్పింది. తొండం మెల్లగా దిగింది, నేల తాకింది, అక్కడ ఏదో వెతికింది, ఏదో దొరికింది, దాన్ని ఏం చేసిందో నాకు తెలియలేదు. గొంతావిడ లేదు కదా. అక్క మొహం చూశాను. మొహంలో కథ కొంచెమే ఉంది.

చెప్పడం అయ్యాక, అర్థమైందా అన్నట్టు కనుబొమలెగరేసింది. ఎప్పుడూ ఊపినట్టే తల ఊపబోయాను.

ఊపలేదు. లేదన్నాను. సగం తెలియలేదు, మళ్ళీ చెప్పమన్నాను.

అక్క కుర్చీ దగ్గరికి లాక్కుంది. మొదటినుంచి మొదలుపెట్టింది.